ఆటలమ్మ పోసిన చిన్నపిల్లకు దురద తగ్గాలంటే: వేపాకా, కాలమైనా, సోడా నీళ్లా?

పోయిన మార్చిలో మా చిన్నదానికి ఆటలమ్మ పోసింది. రెండున్నరేళ్లు దానికి. మొదటి రోజు కడుపు మీద నాలుగు ఎర్ర చుక్కలు చూసి దోమలు కుట్టాయనుకున్నాను, ప్రొద్దుటూరులో దోమలకు కొదవ లేదు కదా. మరుసటి రోజు తెల్లారేసరికి వీపు, మెడ, చివరికి తలలో వెంట్రుకల మధ్య కూడా చుక్క చుక్క మీద నీటిబొట్టు పెట్టినట్టు పొక్కులు. మా అత్త చూసి "అమ్మ పోసిందిలేమ్మా, వేపమండలు తెప్పించు" అంది. మా ఆయన ఆ మాట పూర్తిగా వినకుండానే మందుల అంగడికి పరిగెత్తాడు. మా అక్క అనంతపురం నుంచి ఫోన్ చేసి వంట సోడా కలిపిన నీళ్లు పొయ్యమంది. అరగంటలో గడపకు వేపమండ, మంచం మీద కాలమైన్ సీసా, వంటింట్లో సోడా పొట్లం, నా ఒళ్లో గీరుకుంటూ ఏడుస్తున్న పిల్ల. ముగ్గురూ నా మాట కోసమే చూస్తున్నారు.

ఆ వారం రోజుల్లో అన్నీ చేసి చూశాను. వాటిలో ఏది ఎప్పుడు పనికొచ్చింది, ఏది దండగ, ఏది ప్రమాదం అన్నది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, పిల్లల డాక్టరు చెప్పింది, మా ఇంట్లో జరిగింది కలిపి చెబుతున్నాను అంతే.

ముందు ఒక మాట. పైన పూసేవేవీ ఆటలమ్మను తగ్గించవు. అది వైరస్, దాని దారిన అది నడిచి పోతుంది. కొత్త పొక్కులు మూడు నుంచి ఐదు రోజులు వస్తూనే ఉంటాయి, టీకా వేయని పిల్లకైతే మొత్తం 250 నుంచి 500 దాకా రావచ్చు. ఎర్ర చుక్క, నీటి పొక్కు, ఎండిన పక్కు, ఈ మూడూ ఒకే రోజు ఒకే ఒంటి మీద కనిపిస్తాయి. నా గొడవంతా ఇక్కడే తెలిసొచ్చింది: వేపాకు మంచిదా కాలమైన్ మంచిదా అని మేం వాదించుకుంటున్నాం గానీ, పిల్ల వీపు మీద ఉన్న పొక్కు ఏ దశలో ఉందో ఎవరమూ చూడలేదు. ఎర్ర చుక్కకు పనికొచ్చేది పగిలిన పొక్కుకు మంట పుట్టిస్తుంది, పక్కుకు మంచిదైంది నీటి పొక్కును నానబెట్టి చెడగొడుతుంది.

స్నానం సంగతి ముందు, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ పని చేసింది అదే, ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ గొడవ జరిగింది కూడా దాని మీదే. మా వైపు అమ్మ పోస్తే నీళ్లు పోసేదాకా ఒంటికి నీళ్లు తగలనివ్వరు, బేసి రోజు చూసి, వేపాకు పసుపు వేసి కాగిన నీళ్లు పోసి, మారెమ్మకు పెరుగన్నం పెట్టాకే మళ్లీ మామూలు స్నానం. మా అత్తకు అదే తెలుసు, ఆమెను తప్పు పట్టలేను. ఆమె చిన్నప్పుడు మశూచి ఉండేది. అమ్మవారంటే ఊరంతా భయపడే జబ్బు అది, మన దేశంలో ఆఖరి కేసు 1975లో వచ్చింది, 1980లో ప్రపంచంలోనే లేకుండా పోయిందని ప్రకటించారు. ఆ జబ్బు పోయినా దానికి పాటించిన పద్ధతులు ఆటలమ్మకు అలాగే ఉండిపోయాయి. కానీ మార్చి నెలలో కడప జిల్లాలో మధ్యాహ్నం ఎండ ఎలా ఉంటుందో తెలుసు కదా, పిల్ల చెమటతో తడిసి ముద్దయ్యేది, చెమట పట్టిందంటే దురద రెండింతలు. పైగా గీరుకున్న చోట మురికి చేరితే చీము పడుతుంది. రెండో రోజు డాక్టరు గట్టిగా చెప్పాక రోజుకు రెండుసార్లు, బాగా దురదగా ఉన్న రోజు మూడోసారి కూడా గోరువెచ్చని నీళ్లు పోశాను. గోరువెచ్చన అంటే మన మోచేతికి వేడి తగలకూడదు. వేడి నీళ్లు పోస్తే అప్పటికి హాయిగా ఉన్నట్టు అనిపించి తర్వాత దురద మరీ ఎక్కువవుతుంది.

ఆ నీళ్లలో ఏం కలపాలన్నది తర్వాతి ప్రశ్న. వంట సోడా తేలిక, ప్రతి ఇంట్లో ఉంటుంది, నేను పెద్ద బకెట్‌కు రెండు చెంచాలు వేశాను. దానివల్ల దురద కాస్త చల్లారుతుంది గానీ చర్మం పొడిబారుతుంది, అందుకని రోజుకు ఒక పూట చాలు. మూడు పూటలా సోడా వేస్తే నాలుగో రోజుకు చర్మం తోలులా అవుతుంది. సోడా పొడిని ముద్దగా చేసి నేరుగా పొక్కుల మీద పెట్టేవాళ్లూ ఉన్నారు, చిన్నపిల్లకు ఆ పని వద్దు, పగిలిన పొక్కు మీద పడితే మండుతుంది. ఓట్స్ నాకు సోడా కంటే నచ్చాయి. మామూలు ఓట్స్, మసాలా ఓట్స్ కాదు (మా ఆయన మొదట తెచ్చింది అదే), మిక్సీలో మెత్తగా పిండి పట్టి, ఒక గ్లాసు నీళ్లలో చెంచాడు వేసి కలిపితే పాలలాగా తెల్లగా అయితే సరిగ్గా మెదిగినట్టు, అడుగున గరుకుగా తేరుకుంటే ఇంకాస్త తిప్పాలి. అలాంటి పిండి అర గ్లాసు టబ్బు నీళ్లలో కలిపి పిల్లను పది నిమిషాలు కూర్చోబెట్టి, చెంబుతో మెల్లగా వీపు మీద పోస్తూ ఉంటే, ఏడ్చే పిల్ల నీళ్లతో ఆడుకోవడం మొదలుపెట్టింది. దానివల్ల చర్మం పొడిబారదు. ఒకటే జాగ్రత్త, టబ్బు జిగురుగా జారుతుంది, చెయ్యి వదలకండి. ఏదీ లేకపోతే ఉత్త నీళ్లే పోయండి, అసలు పోయకపోవడం కంటే నూరింతలు నయం. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, అందుకే ఈ వారం మటుకు కుళాయి నీళ్లు పట్టి పెట్టుకున్నాం. తుడిచేటప్పుడు రుద్దకూడదు, పాత నూలు పంచె ఒత్తి తీయాలి. కొత్త టవల్ గరుకు.

ఇక కాలమైన్. గులాబీ రంగు లోషన్, పూయగానే చల్లగా ఉంటుంది, ఆరాక తెల్లగా పొడిలా నిలుస్తుంది. ఎర్ర చుక్కల మీద, పగలని నీటి పొక్కుల మీద బాగా పని చేసింది, స్నానం చేయించి ఒళ్లు ఆరాక దూదితో ఒక్కో చుక్క మీద అద్దాలి. సీసా బాగా ఊపాలి, లేకపోతే పైన తేరిన నీళ్లే వస్తాయి. చల్లదనం గంటో రెండు గంటలో ఉంటుంది, అంతే, తెల్లార్లూ ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. కళ్ల దగ్గర, నోట్లో, మూత్రం పోసే చోట పొక్కులుంటే అక్కడ పూయకూడదు. ఎండిపోయిన పక్కుల మీద పూస్తే ఇంకా బిగుసుకుని లాగుతుంది, పిల్ల పీకేస్తుంది.

కొనేటప్పుడు ఒక మోసం ఉంది, మోసం అనడం కంటే అయోమయం అనాలి. కాలమైన్ అని అడిగితే అంగడిలో మూడు రకాలు చేతికిస్తారు. ఒకటి ఉత్త కాలమైన్, మనకు కావలసింది అది. రెండోది మొహానికి రాసుకునే అందం లోషన్, దాంట్లో సువాసనలు ఉంటాయి, దీనికి పనికిరాదు. మూడోది కాలమైన్‌తో పాటు డైఫెన్‌హైడ్రమీన్, కర్పూరం కలిపింది. ఇది చిన్నపిల్లకు వద్దు. ఒళ్లంతా పొక్కులున్నప్పుడు డైఫెన్‌హైడ్రమీన్ చర్మం గుండా ఎక్కువగా లోపలికి పోయి పిల్ల మత్తుగా, చిరాగ్గా అయిపోవచ్చు. కర్పూరం చిన్నపిల్ల నోట్లోకి పోతే ఫిట్స్ వస్తాయి, రెండేళ్ల పిల్ల చేతి మీద రాసింది నాకకుండా ఉంటుందా? సీసా వెనక చిన్న అక్షరాలు చదివి తీసుకోండి, కనిపించకపోతే ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవండి.

వేపాకు గురించి నా అభిప్రాయం ఈ వారంలో రెండుసార్లు మారింది. మొదట్లో మూఢనమ్మకం అనుకున్నాను. తర్వాత ఒక రాత్రి పిల్ల నిద్రపోకుండా గింజుకుంటుంటే మా అత్త పక్కన కూర్చుని లేత వేపరెమ్మతో వీపు మీద అలా అలా నిమిరింది, పిల్ల ఐదు నిమిషాల్లో కళ్లు మూసింది. గోళ్లతో గీరడం కంటే ఆకుతో నిమరడం ఎన్నో రెట్లు మేలు, దురదకు ఆ తాకిడి చాలు. కానీ లేత ఆకే వాడాలి, ముదురు ఆకు అంచు రంపంలా ఉంటుంది, నీటి పొక్కు చీరుకుంటుంది. రోడ్డు పక్క చెట్టు నుంచి తెచ్చిన మండ దుమ్ము కొట్టుకుని ఉంటుంది, ఉప్పు నీళ్లలో కడిగి ఆరబెట్టండి. వేపాకు వేసి కాచి చల్లార్చిన నీళ్లతో స్నానం ఫర్వాలేదు, నాకైతే ఉత్త నీళ్లకూ దానికీ పెద్ద తేడా కనిపించలేదు, అత్త మనసు కుదుటపడింది, అదీ లాభమే. పిల్ల కింద వేపాకు పరుపు మాత్రం నేను తీసేశాను, ఆకులు నలిగి చెమటతో ఒంటికి అంటుకుని ఇంకా దురద.

పసుపు, వేపాకు నూరి ఒళ్లంతా పట్టించడం దగ్గర మాత్రం నేను ఒప్పుకోలేదు. తప్పేంటి అంటే, పసుపు పూత కింద పొక్కు ఎలా ఉందో కనిపించదు. చుట్టూ ఎర్రగా వాస్తుందా, చీము పడుతుందా అని రోజూ చూడాల్సిన వారంలో ఒంటికి రంగు పూసి కూర్చుంటే ఎలా? పైగా రోట్లో నూరింది, చేతులతో పూసింది, పగిలిన పొక్కుల్లోకి పోతుంది. మా అత్తతో రాజీ ఇలా కుదిరింది: పసుపు పాదాలకు, గడపకు. ఇంకొకటి, ఇది రాజీ లేని మాట: వేపనూనె గానీ వేపాకు రసం గానీ చిన్నపిల్లకు తాపించకండి. వేపనూనె తాగి పసిపిల్లలకు వాంతులు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వచ్చిన సంగతులు డాక్టర్లకు బాగా తెలుసు.

కొబ్బరినూనె ఎప్పుడు? మొదటి నాలుగు రోజులు వద్దు, మన ఎండలకు నూనె పూస్తే ఉడుకు ఎక్కువై పొక్కు నానుతుంది. పక్కులు పూర్తిగా ఎండి, పొడిబారి, దురద మళ్లీ మొదలయ్యే ఆరో ఏడో రోజు నుంచి అర చేతిలో రెండు చుక్కలు వేసుకుని అద్దితే పక్కు మెత్తబడి దానంతట అది రాలుతుంది. పీకితేనే మచ్చ. చందనం చల్లగా ఉంటుంది గానీ ఎండాక బిగుసుకుని పొక్కును లాగుతుంది, అంగడిలో దొరికే పొడిలో ఏం కలిపారో ఎవరికి తెలుసు, నేను వాడలేదు. చెమటపొక్కుల పౌడరూ వద్దు. ఇంట్లో ఏ మూలో ఉండే దురద క్రీము, తామరకు వాడే రకం, దాంట్లో స్టెరాయిడ్ ఉంటుంది, అది ఆటలమ్మ పొక్కు మీద అసలు పూయకూడదు. అంగడివాళ్లు అసైక్లోవిర్ క్రీము కూడా అంటగడతారు, ఆటలమ్మకు ఆ క్రీముతో ఉపయోగం లేదు. నోటితో వేసే అసైక్లోవిర్ వేరు, అది పొక్కులు మొదలైన 24 గంటల లోపు మొదలుపెడితేనే బాగా పని చేస్తుంది, ఏ పిల్లకు అవసరమో డాక్టరు చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్న చిన్నపిల్లలకు చాలాసార్లు అవసరం పడదు.

జ్వరం మందు దగ్గర చాలా జాగ్రత్తగా ఉండాలి, నేను దాదాపు తప్పు చేయబోయాను. మా ఫ్రిజ్‌లో ఒక జ్వరం సిరప్ ఎప్పుడూ ఉంటుంది, పోయినసారి జ్వరానికి రాసిచ్చింది. సీసా తిప్పి చదివితే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ రెండూ కలిపిన మందు. ఆటలమ్మలో ఐబుప్రొఫెన్ వద్దంటారు, చర్మం లోపల తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో దానికి సంబంధం కనిపించింది. ఆస్పిరిన్ అసలే కూడదు, మెదడును, కాలేయాన్ని దెబ్బతీసే రేస్ సిండ్రోమ్ రావచ్చు. మెఫెనమిక్ యాసిడ్ సిరప్ కూడా ఐబుప్రొఫెన్ జాతిదే, మన డాక్టర్లు జ్వరానికి తరచుగా రాస్తారు, అందుకే ఇంట్లో ఉండే అవకాశం ఎక్కువ. నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు మన దేశంలో 2011లోనే నిషేధించారు. మిగిలింది ఉత్త పారాసిటమాల్, అదీ పిల్ల బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రెండు మోతాదుల మధ్య నాలుగు నుంచి ఆరు గంటలు, రోజుకు నాలుగుసార్లు దాటకుండా. ఇక్కడ ఇంకో చిక్కు: ఐదు మిల్లీలీటర్లలో 125 ఉండే సిరప్ ఉంటుంది, 250 ఉండేదీ ఉంటుంది, చుక్కల మందైతే ఒక్క మిల్లీలీటరులోనే 100. పది కిలోల పిల్లకు 125 సిరప్ ఐదు మిల్లీలీటర్లు సరిపోతే, 250 సిరప్ అందులో సగమే. చెంచాలు కాదు, సిరంజితో కొలవండి.

దురదకు సిరప్ వేయాలా వద్దా అన్నదానికి నా జవాబు: రాత్రి నిద్ర లేకపోతే డాక్టర్‌ని అడిగి వేయండి. మా పాపకు డాక్టరు సెట్రిజిన్ రాశారు, రాత్రిపూట మాత్రమే. దాంతో దురద పోలేదు, కానీ గంటకోసారి లేచే పిల్ల మూడు గంటలు వరసగా పడుకుంది. జలుబు సిరప్‌లో కూడా దురద మందు ఉంటుంది కదా అని దాన్నే పోసేవాళ్లున్నారు. క్లోర్‌ఫెనిరమీన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందులు నాలుగేళ్ల లోపు పిల్లలకు వద్దని 2023లో ప్రభుత్వమే చెప్పింది.

పగలు ఎలాగో గడిచిపోతుంది, బొమ్మలు, ఫోను, వీధిలో కోళ్లు. రాత్రే అసలు యుద్ధం. దానికి నేను చేసిన వాటిలో డబ్బు ఖర్చు లేనిది గోళ్లు కత్తిరించడం, పిల్ల నిద్రలో ఉన్నప్పుడు బ్లేడు అంచు లేకుండా గుండ్రంగా అరగదీశాను, చేతులు రోజుకు ఐదారుసార్లు సబ్బుతో కడిగాను. చేతులకు పాత నూలు సాక్సులు వేస్తే మొదటి రాత్రి విప్పి పారేసింది, రెండో రాత్రి పొడుగు చేతుల చొక్కా వేసి సాక్సును చొక్కా లోపలికి దూర్చాను. గాలి తగిలితే అమ్మ లోపలికి పోతుందని ఫ్యాన్ ఆపి దుప్పటి కప్పమన్నారు, అది మాత్రం చేయకండి, ఉడుకుతోనే దురద. కిటికీలు తీసి, పలచని నూలు గుడ్డ తొడిగి, కూలర్ నేరుగా కాకుండా గోడ వైపు తిప్పి పెట్టాను. డైపర్ ఆ వారం పగలంతా తీసేశాను, ఇల్లు కడుక్కోవచ్చు, తొడల మధ్య పొక్కులు నానితే మానవు. ఎక్కువ దురద ఉన్న చోట తడి గుడ్డ పిండి పది నిమిషాలు వేసినా కాలమైన్‌తో సమానంగా చల్లబడింది, అర్ధరాత్రి సీసా వెతుక్కునే కంటే అదే సులువు.

నోట్లో కూడా పొక్కులు వస్తాయి, అందుకే పిల్ల అన్నం చూడగానే నోరు మూసుకుంటుంది. మనవాళ్లు ఇంట్లో తాళింపు పెట్టకూడదంటారు, ఉప్పు కారం తగ్గిస్తారు, ఈ ఒక్క విషయంలో అత్త మాట, డాక్టర్ మాట ఒక్కటే అయ్యాయి. పలచని రాగి అంబలి చల్లార్చి మజ్జిగ కలిపి, మెత్తగా పిసికిన పెరుగన్నం, టెంకాయ నీళ్లు, అరటిపండు. పుల్లటి పండ్ల రసాలు నోట్లో మండుతాయి. తినకపోయినా రెండు రోజులు ఫర్వాలేదు, తాగడం ఆపకూడదు. ఆరు గంటలు దాటినా మూత్రం పోయకపోతే ఆలోచించకండి, ఆస్పత్రికి వెళ్లండి.

ఇంకా ఏ ఏ పరిస్థితుల్లో ఇంటి వైద్యం పక్కన పెట్టాలో చెబుతాను. జ్వరం నాలుగు రోజులు దాటినా, తగ్గి మళ్లీ వచ్చినా. ఒక పొక్కు చుట్టూ ఎర్రగా, వేడిగా వాచి, ముట్టుకుంటే పిల్ల కేక పెట్టినా. చీము కారినా. వాంతులు ఆగకపోయినా, ఆయాసం వచ్చినా, మెడ బిగిసినా, పిల్ల లేపినా సరిగా లేవకపోయినా, నిన్నటిదాకా పరిగెత్తిన పిల్ల ఇవాళ తూలుతూ నడిచినా, కంట్లో పొక్కు వచ్చినా. ఇలాంటప్పుడు కడప రిమ్సో, కర్నూలు, అనంతపురం పెద్దాసుపత్రులో, దగ్గరలో పిల్లల డాక్టరో, ఎవరి దగ్గరికైనా సరే, 108కి ఫోన్ చేసైనా సరే వెళ్లాలి. స్టెరాయిడ్ మందులు వాడుతున్న పిల్ల, ఏదైనా జబ్బుతో రోగనిరోధక శక్తి తక్కువున్న పిల్ల, నెల దాటని పసికందు అయితే మొదటి చుక్కకే వెళ్లాలి. వెళ్లేముందు ఫోన్ చేసి ఆటలమ్మ అని చెప్పండి, వరండాలో గర్భిణులు, పసిపిల్లలు ఉంటారు, పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచి అన్నీ పక్కు కట్టేదాకా ఇది అంటుకుంటుంది.

మా ఆడబిడ్డ ఆరో నెల కడుపుతో ఉగాదికి రావాల్సింది. చిన్నప్పుడు తనకు ఆటలమ్మ వచ్చిందో లేదో ఎవరికీ గుర్తు లేదు. రావద్దని చెప్పడానికి అత్తకు నోరు రాలేదు, నేనే ఫోన్ చేశాను, రెండు రోజులు అలిగింది.

మా పెద్దోడికి ఐదేళ్లు, చిన్నప్పుడు ఒక డోసు టీకా వేయించాం, రెండోది బద్ధకించాం. ఈ టీకా ప్రభుత్వం ఉచితంగా వేసేవాటిలో లేదు, ప్రైవేటులో కొనాలి, పిల్లల డాక్టర్లు 15 నెలలకు ఒకటి, తర్వాత 18, 19 నెలలకు రెండోది వేయమంటున్నారు. ఇంట్లో ఒకరికి వచ్చాక కూడా మూడు నుంచి ఐదు రోజుల్లోపు వేస్తే ఉపయోగం ఉంటుందని పాపకు పొక్కులొచ్చిన మూడో రోజే వాడికి రెండో డోసు వేయించాం. అంటుకున్నాక బయటపడడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది, అందుకని ఆ రోజుల మీద క్యాలెండర్‌లో గీత గీసి రోజూ వాడి వీపు చూసేవాళ్లం. పదిహేనో రోజు చెవి వెనక మూడు చుక్కలు. మొత్తం పద్దెనిమిది దాటలేదు, జ్వరం లేదు, కాలమైన్ సీసా మూత తీయనే లేదు.